మొబైల్ స్టార్టర్: సరుకు మంచిదే, ఎందుకు కదలడం లేదు?

బోరు మోటారును ఇంటి నుంచే వేసి ఆపే పెట్టె ఇది. పాత స్టార్టర్ పక్కన బిగిస్తారు. లోపలి సిమ్‌కు ఫోన్ చేసినా, యాప్‌లో నొక్కినా మోటారు తిరుగుతుంది. చేసేది చిన్న కంపెనీ. విజయనగరం, శ్రీకాకుళం వైపు షాపుల్లో పెట్టెలు పేరుకుపోయేసరికి, డబ్బు పెట్టినవాళ్ళు రెండు జట్లయ్యారు. ధర తగ్గిస్తే పోతాయని ఒక జట్టు, యాప్‌లో హంగులు పెంచాలని ఇంకో జట్టు. పెట్టె విప్పి బిగించి చూస్తే తేలేది వేరు: సరుకు ఓడిపోతున్నది బిగింపు దగ్గర.

లోపలి రిలేలు (బోర్డు చెప్పినట్టు తెరిచి మూసే చిన్న స్విచ్చులు), బోర్డు నాణ్యంగానే ఉన్నాయి. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారు ఆపేస్తుంది. ఈ ఒక్క పనికే డబ్బు గిట్టుతుంది. ఎందుకంటే రెండు ఫేజుల మీద తిరిగే మోటారు మిగతా తీగల్లో దాదాపు 1.7 రెట్లు కరెంటు లాగి వైండింగ్ (లోపలి తీగచుట్ట) కాల్చుకుంటుంది. ఫేజులు తారుమారై మోటారు వెనక్కి తిరగబోయినా పట్టేస్తుంది.

బిగించేది మాత్రం ఊళ్ళో కరెంటు మెస్త్రి. స్టార్ట్ రిలే తీగలు పచ్చ బటన్‌కు సమాంతరంగా వెళ్ళాలి. స్టాప్ రిలేను ఎర్ర బటన్ తీగను మధ్యలో తెంచి, వరుసలో కలపాలి. రెండూ పచ్చ బటన్ లాగే కలిపేస్తే ఫోన్‌తో మోటారు వేయగలం కానీ ఆపలేం. కంపెనీ ఇచ్చే కాగితంలో ఈ బొమ్మ గోరంత ఉంది, అదీ ఇంగ్లీషులో. మెస్త్రికి దక్కే కూలీ ఒక్కసారిది, పిలిస్తే మళ్ళీ వెళ్ళేది మూడుసార్లు. ఇంకోసారి ఎవరైనా అడిగితే "ఆ పెట్టెలొద్దు బాబూ" అనేది అతనే. ఆ మాట ముందు ఏ డిస్కౌంటూ నిలవదు.

తర్వాతిది డ్రై రన్, అంటే బోరులో నీళ్ళు అడుగంటితే మోటారు ఆపడం. నీళ్ళు లేనప్పుడు కరెంటు తగ్గుతుంది, పెట్టె దాన్నే కనిపెడుతుంది. 5 హెచ్‌పీ మోటారు నిండు నీళ్ళ మీద ఏడు, ఏడున్నర ఆంపియర్లు లాగుతుందన్నది పుస్తకం లెక్క. ఫ్యాక్టరీలో ఆ లెక్కకే సెట్ చేసి పంపుతున్నారు. మన చేలల్లో ఉన్నవి చాలావరకు ఒకటి రెండుసార్లు వైండింగ్ చేయించినవి. అవి నీళ్ళు లేకపోయినా ఎక్కువే లాగుతాయి. పెట్టెకు మాత్రం అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, మోటారు కాలిపోతుంది. నీళ్ళు నిండుగా పోస్తున్నప్పుడు క్లాంప్ మీటర్‌తో (తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) కొలిచి, అందులో ముప్పావు వంతు దగ్గర డ్రై రన్, కొలిచినదానికి ఇంకో ఆరో వంతు కలిపి ఓవర్‌లోడ్ (కరెంటు మరీ ఎక్కువ లాగితే ఆపేది) పెట్టుకోవాలి. పది నిమిషాల పని. మీటరు లేని మెస్త్రి దీని జోలికి పోడు.

యాంటెన్నాను ఇనప పెట్టెలోనే వదిలేస్తున్నారు. తలుపు తెరిచి చూపించినప్పుడు సిగ్నల్ ఉంటుంది, మూయగానే పోతుంది. దాన్ని బయటికి తీయాలి. తీగ వెళ్ళే కన్నానికి రబ్బరు బుష్ వేయకపోతే బల్లులు, చీమలు లోపలికి చేరతాయి. చౌక రకంలో ఉన్నది 2జీ మాడ్యూల్, జియో సిమ్ వేస్తే పలకదు. మొక్కజొన్న కోతయ్యాక రీచార్జ్ ఎవరు చేయిస్తారు? తర్వాత పంటకు ఫోన్ చేస్తే నంబరే ఉండదు.

ఆటో మోడ్ ఇంకో తలనొప్పి. కరెంటు రాగానే అన్ని పెట్టెలూ ఒకే క్షణాన మోటార్లు వేస్తాయి. నేరుగా స్టార్ట్ అయ్యే మోటారు మొదటి క్షణాల్లో ఆరు రెట్ల దాకా లాగుతుంది. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద నాలుగు కలిసి లేస్తే ఫ్యూజు నిలవదు. ఆలస్యం సెట్టింగు ఉంది, అన్నింటికీ ఒకే విలువతో. పక్కపక్క చేలకు 1, 3, 5 నిమిషాలుగా మార్చుకోవాలి.

అమ్మే చోటు కూడా చూసుకోలేదు. అనంతపురంలో అమ్ముడుపోయిన లెక్కే ఇక్కడా పెట్టుకున్నారు. వంశధార, నాగావళి కాలవల కింద, చెరువు మదుం కింద వరి వేసే రైతుకు ఈ పెట్టెతో పనేముంది? కొనగలిగేది మెట్టన బోరు కింద మొక్కజొన్న, కూరగాయలు వేసేవాళ్ళు, ఉద్దానంలో కొబ్బరి తోటలవాళ్ళు. పైగా వ్యవసాయానికి పగలే 9 గంటల కరెంటు అన్నాక, రాత్రి పాము భయం చూపి అమ్మే మాటకు పదును తగ్గింది. అయినా కరపత్రం మీద ఇంకా పామే ఉంది.

డబ్బు పెట్టినవాళ్ళు చూస్తున్న అమ్మకాల పట్టీలో ఉన్నవి షాపులకు అరువు మీద పంపిన పెట్టెలు. షాపులో దుమ్ము పట్టినదీ అమ్మకమే, చేలో పనిచేస్తున్నదీ అమ్మకమే. యాప్ రకంలో ఏ పెట్టె చివరిసారి ఎప్పుడు పలికిందో సర్వర్‌లో ఉంటుంది. పంపినవెన్ని, వాటిలో గత 30 రోజుల్లో పలికినవెన్ని? ఈ రెండూ అడగకుండా ధర తగ్గిస్తే, అదే సరుకు ఇంకొన్ని షాపుల్లో పేరుకుంటుంది. ఆ ధర తగ్గింపు సొమ్ముతో మండలానికి ఇద్దరు మెస్త్రిలకు క్లాంప్ మీటర్లిచ్చి, ఆర్నెల్లు నడిచిన ప్రతి పెట్టెకూ కమీషన్ ఇవ్వడం మేలు. యాప్ రంగులు తర్వాత చూసుకోవచ్చు.

సొంత బోరుంటే కొనొచ్చు, 4జీ రకమే తీసుకోండి. ఇనప తలుపు మూసి, ఫోన్‌తో మోటారు వేసి, ఫోన్‌తోనే ఆపి చూపించాకే మెస్త్రికి కూలీ ఇవ్వండి.