రోమ్‌లో కంచు శాసనం, ఫ్లోరెన్స్‌లో కార్యాలయ గది

ప్రాచీన రోమన్ల పాలనను తరువాతి రాజనీతిజ్ఞులు ఎలా అర్థం చేసుకున్నారో కళ్లారా చూడాలనుకునేవారు, కొలోసియం ముందు బారులు తీరడం కన్నా కాపిటోలిన్ మ్యూజియంలో ఒక పూట గడపడం మేలని నా అభిప్రాయం. 1734లో ప్రజలకు తలుపులు తెరిచిన ఈ మ్యూజియంలో, పాలాజో నువోవో భవనంలో, గోడకు అమర్చిన పెద్ద కంచు ఫలకం ఒకటి ఉంది. క్రీ.శ. 69లో వెస్పేసియన్‌కు చక్రవర్తి అధికారాలు కట్టబెట్టిన శాసనం అది. రాజ్యశ్రేయస్సుకు తగినదని తనకు తోచిన ఏ పనినైనా చేసే హక్కు అతనికి ఉంటుందని అందులో చెక్కారు. నిరంకుశత్వానికి ఇంతకు మించిన పత్రం ఉండదనిపిస్తుంది. అయితే 14వ శతాబ్దంలో రోమ్ నాయకుడు కోలా ది రియెంజో ఇదే ఫలకాన్ని జనానికి చదివి వినిపించి, చక్రవర్తికి అధికారం ఇచ్చింది సెనేటూ ప్రజలూ గనుక అది మొదటినుంచీ వారి సొత్తేనని వాదించాడు. 1347లో నగర పాలన చేపట్టిన అతణ్ణి 1354లో అదే రోమ్ జనం చంపారు. మ్యూజియం ఉన్న కొండ ఎక్కే మెట్ల పక్కన అతని చిన్న విగ్రహం ఉంది. చాలామంది దాన్ని గమనించకుండానే పైకి వెళ్లిపోతున్నారు.

ప్రాచీన రోమ్ నగర కేంద్రమైన ఫోరమ్‌లో సెనేట్ భవనం దగ్గర మాత్రం గైడ్ సేవ నన్ను నిరాశపరిచింది. సీజర్ హత్య అక్కడే జరిగిందని ఆయన చెప్పారు. నిజానికి అది పాంపే సభా మందిరంలో, ఇప్పటి లార్గో అర్జెంటీనా వద్ద జరిగింది. పైగా నేడు కనిపించే సెనేట్ భవనం 283 నాటి అగ్నిప్రమాదం తరువాత డయోక్లీషియన్ కట్టించినది, సిసిరో మాట్లాడిన సభ కాదు. కాన్సుళ్లు (ఏటా ఎన్నికయ్యే ఇద్దరు పాలకులు), సెనేట్, ప్రజాసభలు ఒకరినొకరు అదుపులో పెట్టుకోవడమే రోమ్ బలమని ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్ రాసిన మాట ఫ్రెంచి రాజనీతి తత్త్వవేత్త మాంటెస్క్యూకు, 1787లో అమెరికా రాజ్యాంగం రాసినవారికి ఎంత ముఖ్యమైందో చెప్పడానికి అంతకన్నా తగిన చోటు లేదు. డబ్బు పెట్టి గైడ్‌ను కుదుర్చుకోవడం కన్నా ముందే చదువుకుని వెళ్లడం మంచిది.

బసకు మోంతి ప్రాంతం అనుకూలం. స్టేషన్ పక్కన గదులు చౌకగా దొరికినా, మోంతి నుంచి ఫోరమ్‌కు నడిచి వెళ్లవచ్చు. మేము దిగిన పాత భవనంలో లిఫ్టు లేదు, కాబట్టి పెద్దవారు వెంట ఉంటే ముందే అడిగి తెలుసుకోవాలి. నగర పన్ను విడిగా కట్టాలి.

వేగవంతమైన రైలులో ఫ్లోరెన్స్ సుమారు గంటన్నర దూరం. అక్కడి నగర పాలన భవనం పాలాజో వెక్కియోకు నా లెక్కలో రోమ్ కన్నా ఎక్కువ సమయం కేటాయించాలి. 1498 నుంచి 1512 వరకు గణతంత్రానికి కార్యదర్శిగా ఉన్న రాజనీతి రచయిత మాకియవెల్లి పేరుతో అందులో ఒక కార్యాలయ గది ఉంది. దాని పక్క హాలులో గిర్లాందాయో గోడపై చిత్రించిన బ్రూటస్, కామిల్లస్, స్కిపియో, సిసిరో వంటి రోమన్ వీరులు నిలబడి ఉంటారు. రాజులు లేని నగరం తన ఆదర్శాలను ఎక్కడ వెతుక్కుందో ఆ గోడ చెబుతుంది. ప్రభువులకూ సామాన్యులకూ మధ్య జరిగిన కలహాలే రోమ్‌ను స్వేచ్ఛగా ఉంచాయని మాకియవెల్లి ధైర్యంగా వాదించాడు. ఆ ఆలోచన నాకు ఇక్కడే బాగా పట్టుబడింది. మహాసభ కోసం గణతంత్రం కట్టించిన కింది హాలు పైకప్పును తరువాత చిత్రకారుడు వసారి, నగరాన్ని ఏలిన డ్యూక్ కోసిమో కీర్తితో నింపాడు. గోపురం టికెట్ కొనకపోయినా ఈ మూడు గదులనూ తీరికగా చూడండి.