పడినా విరగని విమానమే, ముక్కు తప్ప

రిమోట్‌తో ఎగరేసే మీటరు రెక్కల ఈపీపీ ఫోమ్ విమానం, ఎక్స్‌ట్రా 300 అనే విన్యాసాల విమానం ఆకారం, 3ఎస్ 2200 (మూడు సెల్లుల, 2200 ఎంఏహెచ్) బ్యాటరీ. మిగతావన్నీ పెట్టె మీద రాసే ఉంటాయి. కొత్తలో ఎవరు అడిగినా "కళ్లు మూసుకుని కొను, ఎలా పడేసినా విరగదు" అనేవాణ్ని. రెండు వేసవులు దాటాక కూడా ఆ మాట మీదే ఉన్నాను, కాకపోతే ఇప్పుడు చివర్లో "ముక్కు తప్ప" అని కలుపుతున్నాను.

ట్రైనర్ (కొత్తవాళ్లు నేర్చుకునే విమానం) మీద చెయ్యి కుదిరాక విన్యాసాలకు ఏది కొనాలా అని చాలా రోజులు కొట్టుమిట్టాడాను. ట్రైనర్‌కి రెక్క పైన ఉంటుంది, కొసలు కాస్త పైకి లేచి ఉంటాయి. స్టిక్ వదిలేస్తే తనే సర్దుకుంటుంది. నేర్చుకునేటప్పుడు ప్రాణం కాపాడే ఆ గుణమే తలకిందులుగా ఎగరేద్దామంటే అడ్డం పడుతుంది. దీనికి రెక్క నడుములో ఉంది, పైనా కిందా ఒకటే వంపు. బోర్లా తిప్పి ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందికీ తిప్పే తోక పలక) కొంచెం నొక్కిపడితే అలాగే పోతుంది. బ్యాటరీ కాస్త వెనక్కి జరిపితే ఆ నొక్కడమూ పెద్దగా అక్కర్లేదు. నైఫ్ ఎడ్జ్‌లో, అంటే ఒక రెక్క ఆకాశానికీ ఒకటి నేలకీ పెట్టి ఎగరేసేటప్పుడు మాత్రం రడ్డర్ (తోక మీది నిలువు పలక) ఇస్తే కడుపు వైపు లాగేది. రిమోట్‌లో కొద్దిగా మిక్సింగ్ (రడ్డర్‌తో పాటు ఎలివేటర్ కూడా కాస్త కదిలేలా) పెడితే దారికొచ్చింది.

పొద్దెక్కాక సముద్రం మీంచి గాలి మొదలవుతుంది కదా, ఈ విమానం అసలు సరదా అప్పుడు చూడాలి. గాలికి ఎదురుగా ముక్కు పైకెత్తి సగం థ్రాటిల్‌లో పెడితే ముందుకీ పోదు, వెనక్కీ రాదు. నడుం ఎత్తులో అలా నిలబడే ఉంటుంది. చూసేవాళ్లకి మనం ఏదో గొప్ప పైలట్‌లా కనిపిస్తాం, నిజానికి సగం పని గాలిదే.

ఇక ముక్కు సంగతి. ఈపీపీ వంగుతుంది, నలుగుతుంది, మళ్లీ లేస్తుంది. మోటారు బిగించే ఫైర్‌వాల్ ప్లైవుడ్ ముక్క, అది వంగదు. విమానం నేలకు గుద్దుకున్నప్పుడు ఫోమ్ దెబ్బని తప్పించుకుంటుంది, ఆ బరువంతా చెక్కకీ ఫోమ్‌కీ మధ్య ఉన్న జిగురు మీద పడుతుంది. పైకి గీత కూడా కనపడదు. ఫ్యాక్టరీలో వేసిన జిగురు సన్నగా, గాజులా పెళుసుగా ఉంది. పైగా ఆ ముక్కని ఫోమ్ అంచుకి అతికించి వదిలేశారు తప్ప లోపలికి దిగేలా ఒక్క పుల్ల కూడా పెట్టలేదు.

దానికి మన విశాఖ ఉప్పు గాలి తోడైంది. మా ఇల్లు సముద్రం పక్కన, లాసన్స్ బే కాలనీలో. కిటికీ గ్రిల్‌కి ఏటా రంగు వెయ్యకపోతే పొరలు పొరలుగా రాలిపోతుంది. ఆ గాలిలోనే అటక మీద ఉండే మోటారు బేరింగ్ మాత్రం ఎన్నాళ్లుంటుంది? సన్నగా జిర్రుమనడం మొదలైంది. జిర్రుమన్నదల్లా వణుకై, నేరుగా ఆ జిగురు మీదకే పోయింది.

ఆనందపురం వైపు, వరి కోసేసిన పొలంలో ఒక ఆదివారం. ముక్కు ఆకాశానికి పెట్టి నిట్టనిలువుగా హోవర్‌లో (గాల్లో ఒకేచోట) నిలబెట్టి, ఫుల్ థ్రాటిల్‌తో పైకి లాగుతున్నాను. టప్ మని చప్పుడొచ్చింది. ఫైర్‌వాల్‌తో సహా మోటారు ఊడొచ్చి మూడు వైర్లకి వేలాడుతోంది! ప్రొపెల్లర్ ఒక్క తిప్పు తిరిగి ఎడమ బుగ్గ మీద ఫోమ్‌ని అరచేయంత కోసేసింది. వెంటనే థ్రాటిల్ మూసేశాను. వైర్లు తెగి మోటారు కింద పడుంటే ముక్కు తేలికై, తోక బరువుకి తిరగబడి పడేది. తెగలేదు. పలకల్ని కదిపే సర్వోలకి కరెంటు ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే పెట్టె) నుంచి వస్తుంది, మోటారు వైర్లతో వాటికి పని లేదు కాబట్టి ఎలివేటర్, ఎలెరాన్ (విమానాన్ని పక్కలకి వాల్చే రెక్క పలక) రెండూ మాట వింటూనే ఉన్నాయి. ముక్కు కిందికి నొక్కి వేగం తెచ్చుకుని, మోటారు ఊగుతుండగానే మోళ్ల మీద దించేశాను. గట్టు మీద గేదెల్ని మేపుతున్న పెద్దాయన తీరిగ్గా అడిగాడు: "ఏటయిపోనాది బాబూ, ముక్కు ఊడిపోనాదేటి?"

అమ్మినవాళ్లకి ఫొటోలు పంపితే క్రాష్ డ్యామేజ్‌కి వారంటీ లేదన్నారు. గాల్లో ఊడిందయ్యా అంటే జవాబు లేదు.

బాగు చెయ్యడం కష్టమేం కాదు. పాత జిగురంతా గీకేసి, ఫోమ్‌ని గరుకు కాగితంతో రుద్ది, కాస్త పెద్ద ప్లైవుడ్ ముక్క కోసుకున్నాను. కబాబ్ పుల్లలు నాలుగు దాని గుండా ఫోమ్‌లోకి లోతుగా దింపి, ఆరాల్డైట్‌తో అతికించాను. అయిదు నిమిషాల రకం వద్దు, రాత్రంతా ఆరే రకమే వాడండి. మోటారు కొంచెం కుడికీ కిందికీ వాలి ఉంటుంది, పాతది పీకేముందే ఆ వాలు కొలిచి పెట్టుకోవాలి. అది పోతే విమానం నిట్టనిలువుగా ఎక్కదు. కొత్త బేరింగులు వేసి, అప్పుడప్పుడు కుట్టుమిషన్ నూనె చుక్క వేస్తున్నాను. మళ్లీ ఊడలేదు.

విరగదు అన్నదానికి ఇంకో చిన్న సవరణ. విరగలేదు గానీ మెత్తబడింది. కార్బన్ రాడ్ ఉన్నా రెక్క మునుపటంత బిగువుగా లేదు. ఫుల్ స్పీడులో రోల్ ఇస్తే ఒక క్షణం ఆలోచించి తిరుగుతుంది, డైవ్‌లో అయితే ఎలెరాన్ వణుకుతోంది. నెమ్మది విన్యాసాలకి ఇప్పటికీ బంగారం. గీత గీసినట్టు లూపులూ రోల్సూ కావాలంటే బాల్సా (తేలికపాటి చెక్క) విమానమే నయం, కాకపోతే అది పడితే సంచిలో ఏరుకోవాలి.

ఎక్కడ ఎగరేయాలన్నది విశాఖలో వేరే తలనొప్పి. ఊళ్లోనే ఐఎన్ఎస్ డేగా అనే నేవీ వాళ్ల వైమానిక స్థావరం ఉంది. డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన గగనతల మ్యాప్‌లో రంగు చూడకుండా బయల్దేరొద్దు, ఎర్రగా ఉంటే ఇంటికే. భోగాపురం వైపు కొత్త విమానాశ్రయం కాబట్టి, అటు వాళ్లయితే వెళ్లే ముందు ప్రతిసారీ చూసుకోవాలి.

నా చిన్న కారు వెనక సీట్లో రెక్క విప్పకుండా పట్టేది ఈ సైజే, పొలం దాకా వెళ్లేది వారానికి ఒక పూటే. నాలాంటివాళ్లకి ఇది సరిపోతుంది. పాతది పాడైతే మళ్లీ ఇదే కొంటానేమో కూడా. అయితే పెట్టె తెరిచిన రోజే పుల్లలూ ఆరాల్డైట్ పని పూర్తిచేసి అప్పుడు ఎగరేస్తాను. అనకాపల్లి అవతల, ఉప్పు గాలి అంతగా తగలని చోట ఉండేవాళ్లకి బేరింగుల గొడవ ఇంత ఉండకపోవచ్చు, జిగురు సంగతి మాత్రం చూసుకోండి. ఇంకా ట్రైనర్ కూడా దించడం రానివాళ్లు దీని జోలికి ఇప్పుడే రావద్దు.