ఇందిరానగర్‌లో నార్వేజియన్, థాయ్ క్లాసులు

బెంగళూరు ఇందిరానగర్‌లోని ఈ చిన్న సెంటర్లో శనివారం పొద్దున నార్వేజియన్, మధ్యాహ్నం థాయ్ చెబుతారు. నేను రెండిట్లోనూ చేరాను.

థాయ్ టీచర్‌కి పూర్తి మార్కులు. 44 హల్లుల వరుస మన క, ఖ లాగే మొదలవుతుందని తొలి క్లాసులోనే చూపించారు. తెలుగువాళ్లకి అదెంత ధైర్యమో! మాట అర్థాన్నే మార్చేసే ఐదు స్వరస్థాయిలూ, అంటే గొంతు ఎత్తుపల్లాలు, గొంతుకి పట్టేదాకా ఒక్కొక్కరి చేతా పలికిస్తారు. పదాల మధ్య ఖాళీ లేని ఆ రాత చదవడానికి మాత్రం ఓపిక కావాలి.

నార్వేజియన్‌లో క్రియ కర్తను బట్టి మారదు, మాటలు త్వరగానే వస్తాయి. కానీ అక్కడా చాలా మాండలికాల్లో రెండు రకాల స్వరస్థాయి ఉంది. దాన్ని వినిపించనే లేదు. నార్వేజియన్‌కున్న రెండు అధికారిక రాతల్లో ఒకటైన బూక్‌మోల్ పుస్తకం ఇచ్చారు, రెండో అధికారిక రాత నీనొర్స్క్ ఊసే ఎత్తలేదు. ఉద్యోగానికి ఓస్లో వెళ్లబోయేవాళ్లు మా బ్యాచ్‌లో ఉన్నారు, వాళ్లకిది అన్యాయం.

ఫీజు రెండిటికీ ఒకటే. థాయ్‌కైతే కళ్లు మూసుకుని చేరొచ్చు.