ఐపీ65 అని రాసి ఉంది కదా అని ఇండస్ట్రియల్ మానిటర్ కొనేయకండి

మిర్యాలగూడ దగ్గర ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో మెయింటెనెన్స్ చూస్తాను. డ్రయ్యర్ దగ్గరున్న పాత మానిటర్ పాడైతే, ‘ఐపీ65 (దుమ్ము, నీరు లోపలికి పోకుండా ఎంత రక్షణ ఉందో చెప్పే రేటింగ్), 50 డిగ్రీల దాకా టెస్ట్ చేసింది’ అన్న మాట నమ్మి రెండు టచ్ మానిటర్లు తెప్పించాం. మామూలు వాటికన్నా నాలుగు రెట్ల ధర పెట్టాం.

నాలుగో నెలలో ఒకరోజు తెల్లవారుజామున ఆపరేటర్ ఫోన్ చేశాడు. “సార్, ఎవరూ ముట్టుకోకుండానే స్క్రీన్ మీద బటన్లు పడుతున్నాయి” అన్నాడు. పరిగెత్తుకెళ్లి చూస్తే అద్దానికి లోపలివైపు ఆవిరి పట్టి, కింది అంచున వరుసగా నీటి చుక్కలు. వెనక మూత విప్పితే పవర్ బోర్డు మీద తవుడు తడిసి ముద్దలా అంటుకుపోయి ఉంది. డ్రయ్యర్ వేడి దానంతటదే మారిపోయి ఉంటే బ్యాచ్ మొత్తం పోయేది. ఆ టెన్షన్ ఇప్పటికీ పోలేదు.

తర్వాత తెలిసింది, ఆ ఐపీ65 ముందువైపుకే. అదీ రబ్బరు గ్యాస్కెట్‌తో ప్యానెల్‌లో బిగిస్తేనే. వెనకంతా గాలి రంధ్రాలే. స్టాండు మీద పెట్టుకుంటామని ముందే చెప్పినా అమ్మినాయన ఈ ముక్క చెప్పలేదు. పైగా ఐపీలో 6 దుమ్ముకి, 5 నీటి ధారకి. గాలిలో తేమకి టెస్టే వేరు. ఐఈసీ 60068-2-78 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, 40 డిగ్రీల వేడిలో 93 శాతం తేమలో రోజుల తరబడి ఉంచే పద్ధతి ఒకటుంది. ఆవిరి ఉండే చోటికి కొనేటప్పుడు ముందు అడగాల్సింది దాని గురించే.

టెస్ట్ రిపోర్టు మూడుసార్లు అడిగితే గానీ పంపలేదు. తీరా చూస్తే అందులో మోడల్ నంబరే వేరు. తేమ టెస్ట్ ఊసే లేదు. వేడి టెస్ట్ ‘బీబీ’ పద్ధతిలో చేశారు. అది తనంతట వేడి పుట్టించని వస్తువులకు చేసేది. ఆన్‌లో ఉన్న మానిటర్‌లో బ్యాక్‌లైట్, పవర్ బోర్డు వేడెక్కుతూనే ఉంటాయి కాబట్టి, మొదటి నుంచీ కరెంటు ఇచ్చి ‘బీఈ’ పద్ధతిలో చేయాలి. ఆపేసిన మానిటర్‌ని 50 డిగ్రీల్లో ఉంచి తీస్తే మనకేం ఉపయోగం?

దయచేసి అడ్వాన్సు ఇవ్వకముందే రిపోర్టు తెప్పించుకోండి. మీరు కొనే మోడలేనా, ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపున్న ల్యాబ్‌దేనా, టెస్ట్ జరుగుతుండగా స్క్రీన్ ఆన్‌లో ఉందా అన్నవి చూడండి. తేమ వల్ల పాడైతే వారంటీ ఇస్తామని బిల్లు మీదే రాయించుకోండి. మాకు ‘తేమ వారంటీలోకి రాదు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. రెండో మానిటర్‌ని ఏసీ ఉన్న కంట్రోల్ రూముకి మార్చాం. డ్రయ్యర్ దగ్గర ప్రస్తుతానికి పుష్ బటన్లతోనే నడుపుతున్నాం.