రాయచూర్ రోడ్డు షెడ్డులో వీల్ బేరింగు పని: అయిదుకు నాలుగు

మహబూబ్‌నగర్‌లో పాత కార్లకు వీల్ బేరింగు మార్చేవాళ్లకు కొదవ లేదు. ప్రెస్ (బలంగా నొక్కే యంత్రం) మీద పెట్టి మార్చేవాళ్లే తక్కువ. రాయచూర్ రోడ్డు వైపున్న ఈ చిన్న షెడ్డుకు మార్కులు పడేది అందుకే. చాలాచోట్ల కొత్త బేరింగును సమ్మెట దెబ్బలతోనే దించుతారు. అట్లా దెబ్బలు తిన్నది ఎంత పేరున్న కంపెనీదైనా కొద్దిరోజులకే మళ్లీ మూలుగుతుంది.

ఇక్కడ బండి ఇవ్వగానే విప్పరు. ముందు రోడ్డెక్కిస్తారు. స్పీడుతో పాటు పెరిగే ఊఁ అనే సప్పుడు, గేరు న్యూట్రల్ చేసినా తగ్గలేదంటే ఇంజనుది కాదన్నట్టే. స్టీరింగు ఎడమకు తిప్పితే బరువు కుడి చక్రం మీద పడుతుంది, అప్పుడు మోత పెరిగితే అనుమానం కుడి బేరింగు మీదికి పోతుంది. ఇది నూటికి నూరుపాళ్లు నమ్మదగ్గ పరీక్ష మాత్రం కాదు. ఎగుడుదిగుడుగా అరిగిన టైరు కూడా అచ్చం ఇట్లాగే మోగుతుంది. అందుకే ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకు మార్చి చూస్తారు. మోత జాగా మారిందంటే తప్పు టైరుది, బేరింగు పైసలు మిగిలినట్టే.

తర్వాత జాకీ. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ప్లే (వదులు) ఉంటే కనిపిస్తుంది. అప్పుడు ఇంకొకరు బ్రేకు తొక్కి పట్టాలి. ప్లే మాయమైతే బేరింగుది, అట్లాగే ఉంటే బాల్ జాయింటుదో సస్పెన్షన్‌దో. పక్కలకు ఊపితేనే ఆడుతుంటే టై రాడ్ ఎండ్ చూడాలి. ప్లే ఏమీ లేకున్నా బేరింగు పోయి ఉండొచ్చు. కాయిల్ స్ప్రింగు మీద చెయ్యి ఆనించి చక్రం తిప్పితే, లోపల గరగర ఉంటే అది వేళ్లకు తెలుస్తుంది. ఉస్తాద్ ఎక్కువగా నమ్మేది దీన్నే.

అసలు పని ముందు చక్రాలది. యాక్సిల్ నట్టు విప్పి, కాలిపర్‌ను (బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగం) తీగతో కట్టి వేలాడదీస్తారు. బ్రేకు హోస్ మీద బరువు పడనివ్వరు. నకిల్ (బేరింగు కూర్చునే ఇనుప దిమ్మ) మొత్తం బయటికి తీసి హబ్బును (చక్రం బిగించే భాగం) ప్రెస్‌తో ఊడదీస్తే, చాలాసార్లు పాత బేరింగు లోపలి రేసు (గోళీలు దొర్లే ఉక్కు రింగు) హబ్బుకే అంటుకుని వస్తుంది. దాన్ని గ్రైండర్‌తో సగం లోతుకు కోసి, ఉలితో ఒక్క దెబ్బ కొడితే పగిలి వదులుతుంది. గ్రైండర్ హబ్బుకు తగిలి గీత పడితే హబ్బే మార్చాలి, కాబట్టి దగ్గర నిలబడి చూడండి.

కొత్తది ఎక్కించేటప్పుడు కిటుకు ఒక్కటే. బేరింగును నకిల్‌లోకి నొక్కేటప్పుడు బలం బయటి రేసు మీదే పడాలి. తర్వాత హబ్బును అందులోకి నొక్కేటప్పుడు లోపలి రేసుకు కింద సపోర్టు ఉండాలి. ఇది తప్పితే బలమంతా గోళీల మీదుగా పోతుంది, రేసులో సన్నని గుంటలు పడతాయి, కొత్త బేరింగు మొదటి రోజే మోగుతుంది. ఈ షెడ్డులో ఇందుకోసం సైజుల వారీగా లేతులో తీయించిన రింగులు ఉన్నాయి. నకిల్ లోపల తుప్పు తుడిచి, సర్క్లిప్ (బేరింగు జారకుండా పట్టే రింగు) కొత్తది వేస్తారు.

ఏబీఎస్ (బ్రేకు తొక్కినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) సెన్సర్ చదివే అయస్కాంతపు సీలు బేరింగులోనే ఉండే మోడళ్లలో ఆ వైపు సెన్సర్ దిక్కుకే ఉండాలి. గుండుపిన్ను దగ్గర పెడితే ఏ పక్క లాగుతుందో తెలుస్తుంది. తిరగేసి నొక్కితే డాష్‌బోర్డులో ఏబీఎస్ లైటు వెలుగుతుంది, మళ్లీ ఇంకో బేరింగు కొనాల్సిందే.

పాత బేరింగు అడిగి తీసుకోండి. గ్రీజు గోధుమ రంగు బురదలా ఉంటే సీలు దాటి నీళ్లు పోయినట్టు. నాట్ల కాలంలో కేజ్ వీల్స్‌తో ట్రాక్టర్లు చీల్చిన ఊరి రోడ్ల మీద, మోకాలెత్తు నీళ్లలో తిరిగే బండ్లకు ఇది మామూలే. వాటర్ సర్వీసులో ప్రెషర్ గన్ నేరుగా హబ్బు మీద పెట్టనివ్వకండి.

ఇక లోపాలు. యాక్సిల్ నట్టును ఎయిర్ గన్‌తో బిగించి వదిలేయబోతారు. టార్క్ పానా (బిగింపును కొలిచి బిగించేది) ఉంది, అడిగితేనే బయటికి తీస్తారు. మీ కారు మాన్యువల్‌లోని టార్క్ అంకె రాసుకుని పొండి. ఆ బిగింపు అయ్యేదాకా చక్రం నేల మీద ఆననివ్వకూడదు, కొత్త బేరింగు పాడవుతుంది. తీసిన నట్టునే మళ్లీ వేస్తామంటే ఒప్పుకోవద్దు. అలైన్‌మెంట్ మెషీను లేదు. స్ట్రట్ బోల్టులు విప్పారు కాబట్టి అది వేరేచోట చేయించుకోక తప్పదు.

ముందు చక్రం ఒక్కోదానికి లేబర్ 900, బేరింగు, సర్క్లిప్ ధర వేరే. బేరింగు మనం తెచ్చినా మొహం మాడ్చుకోరు. పాత జీపుల్లో ఉండే టేపర్ రోలర్ బేరింగులకు ప్రెస్ పని పెద్దగా ఉండదు, గ్రీజు నింపి నట్టు సర్దడమే, దానికి ఇంత దూరం రానక్కర్లేదు. పొద్దున తొమ్మిదిలోపు బండి పెడితే సాయంత్రానికి ఇస్తారు, శుక్రవారం మధ్యాహ్నం మాత్రం షెడ్డు మూసి ఉంటుంది.