ఫార్మాట్ దగ్గర దొరికిపోయిన 2 టీబీ హార్డ్ డిస్క్: ఏళ్లు వాడాక నా సమీక్ష

వేగం విషయంలో ఈ డిస్క్‌కు వంక పెట్టలేను. 7200 ఆర్‌పీఎం, చప్పుడూ తక్కువే. ఏళ్ల తరబడి ఫొటోలు, వీడియోలు మోసింది. ఈమధ్యే ఒక్కో ఫోల్డర్ తెరవడానికి నానా తిప్పలు పెడుతుంటే, ఉన్నదంతా వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకుని ఫార్మాట్ కొట్టాను.

క్విక్ ఫార్మాట్ క్షణాల్లో అయిపోయింది. అందులో గొప్పేం లేదు. అది కొత్త ఫైల్ సిస్టమ్‌కు (ఏ ఫైలు ఎక్కడుందో గుర్తుపెట్టుకునే ఏర్పాటుకు) కావలసిన నాలుగు ముక్కలు రాసి ఊరుకుంటుంది, మిగతా డిస్క్ జోలికే పోదు. క్విక్ టిక్కు తీసేస్తే మాత్రం విండోస్ విస్టా నుంచీ మొత్తం పార్టిషన్‌లో సున్నాలు రాసుకుంటూ వెళ్తుంది. సెకనుకు 150 ఎంబీ చొప్పున వేసుకున్నా 2 టీబీకి మూడున్నర గంటల పైమాటే. నా డిస్క్ సగం దాటాక ఒకే శాతం దగ్గర మొండికేసి, చివరికి ఫార్మాట్ పూర్తికాలేదని చెప్పింది.

ఇలాంటప్పుడు ముందు అనుమానించాల్సింది కేబుల్‌నే. డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో ప్రోగ్రామ్‌లో సీ7 (డేటా అటూఇటూ వెళ్లేటప్పుడు దొర్లిన తప్పుల లెక్క) విలువ పెరుగుతూ ఉంటే తప్పు చాలాసార్లు సాటా కేబుల్‌దో, కనెక్షన్‌దో అయి ఉంటుంది. నా దాంట్లో అది సున్నా. కేబుల్, పోర్టు మార్చినా తేడా లేదు. 05 (పాడైతే స్పేర్‌తో మార్చేసిన సెక్టార్ల, అంటే డిస్క్‌లో డేటా ఉండే చిన్న గడుల లెక్క), సీ5 (చదవడానికి మొరాయిస్తున్న సెక్టార్ల లెక్క) మాత్రం పెరిగిపోయి పసుపు రంగులో ‘కాషన్’ అని ఉంది. (వాటి విలువలు మామూలుగా హెక్స్‌లో, అంటే 16 ఆధారంగా లెక్కించే పద్ధతిలో ఉంటాయి. 10 కనిపిస్తే 16 అని చదువుకోవాలి. సెట్టింగుల్లో మార్చుకోవచ్చు.)

తర్వాత విండోస్‌లోని డిస్క్‌పార్ట్‌లో ‘క్లీన్ ఆల్’ (డిస్క్ అంతటా సున్నాలు రాసే ఆదేశం) నడిపాను. సీ5 సున్నాకు దిగింది. ఇది చూసి డిస్క్ బాగైపోయిందని సంబరపడేవాళ్లు చాలామంది. సీ5 అంటే చదవడానికి మొరాయిస్తూ తీర్పు కోసం ఎదురుచూస్తున్న సెక్టార్లు. వాటిపై మళ్లీ రాసినప్పుడు సరిగ్గా పడితే డిస్క్ వాటిని లెక్కలోంచి తీసేస్తుంది, పడకపోతే స్పేర్ సెక్టార్‌ను వాటి స్థానంలో పెట్టి 05 పెంచుతుంది. నా దాంట్లో 05 పెరిగింది. అక్కడితో ఆగి ఉంటే ఇంకా వాడేవాణ్ణేమో. కొద్ది రోజులకే మొత్తం చదివించి చూస్తే సీ5 మళ్లీ మొదలైంది. పాడు పాకుతోందన్నమాట. ఫార్మాట్ దాన్ని ఆపదు, బయటపెడుతుందంతే.

డేటా ఇంకా డిస్క్‌లోనే ఉండిపోయినవాళ్లు ఫార్మాట్ సంగతి పక్కన పెట్టండి. చెక్‌డిస్క్ కూడా వద్దు, అది ఫైల్ సిస్టమ్‌ను సరిచేసే పనిలో నీరసించిన డిస్క్‌ను ఇంకా రుద్దుతుంది. లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే కాపీ ప్రోగ్రామ్ నయం. తేలిగ్గా వచ్చే భాగాల్ని ముందు లాగేసి, మొండి చోట్లకు తర్వాత వస్తుంది. టక్ టక్ అని కొట్టుకునే శబ్దం వస్తుంటే అదీ వద్దు, పవర్ తీసేయండి.

వేగానికి నాలుగు, నమ్మకానికి ఇప్పుడు ఒకటి. ఎవరికైనా ఇచ్చేద్దామన్నా కుదరదు. పక్కకు తప్పించిన సెక్టార్లలో పాత డేటా ముక్కలు ఉండిపోవచ్చు, మామూలుగా రాసే సున్నాలు అక్కడిదాకా చేరవు. అందుకే ప్లాటర్లకు (లోపల డేటా ఉండే పళ్లేలకు) డ్రిల్లు వేసి పారేస్తున్నా.