అమెరికాలో మొదటి ఇల్లు: క్యాంపస్ గదా, ఇక్కడి నుంచే లీజా, దిగాక చూసుకోవడమా?

వీసా స్టాంపింగ్ అయిపోయాక ఇంట్లో మాటలన్నీ సూట్‌కేసుల చుట్టూనే తిరుగుతాయి. కుక్కర్ మూడు లీటర్లదా ఐదు లీటర్లదా, పచ్చళ్లు ఎక్కడ ప్యాక్ చేయించాలి, చలికోటు ఇక్కడ కొనాలా అక్కడ కొనాలా. వీటిలో ఏది తేడా కొట్టినా ఒక వంద డాలర్లతో సర్దుకోవచ్చు. పన్నెండు నెలల లీజు మీద పెట్టిన సంతకం తేడా కొడితే అలా సర్దుకోలేం. అందుకే ఆగస్టులో బయల్దేరే పిల్లలు గానీ, వాళ్ల అమ్మానాన్నలు గానీ ఏం అడిగినా ముందు నేను అడిగేది ఇదే: దిగిన రాత్రి ఎక్కడ పడుకుంటారు, నెల తర్వాత ఎక్కడ ఉంటారు? రెండింటికీ ఒకే జవాబు ఉండి తీరాలని ఏమీ లేదు.

ఎంచుకోవడానికి మూడు దారులున్నాయి. యూనివర్సిటీ హౌసింగ్ తీసుకోవచ్చు. వాట్సాప్ గ్రూపులో రూమ్మేట్లను చూసుకుని ఇండియాలో ఉండగానే అపార్ట్‌మెంట్ లీజు చేసేయొచ్చు. లేదంటే టెంపరరీ అకామడేషన్‌లో దిగి, ఇల్లు కళ్లతో చూశాక సంతకం పెట్టొచ్చు. ఇంటర్ అయ్యాక నాలుగేళ్ల డిగ్రీకి వెళ్లేవాళ్లకు మొదటిది, ఎంఎస్‌కు వెళ్లేవాళ్లలో ఎక్కువమందికి మూడోది మేలని నా అభిప్రాయం. మనవాళ్లలో ఎక్కువమంది చేసేది మాత్రం రెండోది.

ముందు క్యాంపస్ సంగతి. అందులోనే రెండు రకాలున్నాయని చాలామందికి తెలియదు. ఒకటి డార్మ్: గదిలో ఇద్దరు, వంటగది ఉండదు, మెస్‌లో తినాలి. మొదటి ఏడాది డిగ్రీ విద్యార్థులకు చాలాచోట్ల మీల్ ప్లాన్ తప్పనిసరి. రైస్ కుక్కర్, హాట్ ప్లేట్ లాంటివి గదిలో పెట్టనివ్వరు. రెండోది యూనివర్సిటీ సొంత అపార్ట్‌మెంట్లు. టెక్సస్ ఏ అండ్ ఎంలో గార్డెన్స్, వైట్‌క్రీక్ ఇలాంటివే. వీటిలో వంటగది ఉంటుంది కాబట్టి పప్పుచారు కాచుకోవచ్చు. కానీ చాలా యూనివర్సిటీల్లో పీజీ వాళ్లకు ఇలాంటివి తక్కువ. అడ్మిషన్ వచ్చిన వెంటనే దరఖాస్తు చేయకపోతే వెయిటింగ్ లిస్టే గతి.

రెండు రకాల్లోనూ అసలు సుఖం ఒకటుంది. సోషల్ సెక్యూరిటీ నంబర్ లేదు, క్రెడిట్ హిస్టరీ లేదు, పూచీ పడే అమెరికా మనిషి లేడు అని యూనివర్సిటీ సాధారణంగా పేచీ పెట్టదు. అద్దె ఫీజుతో పాటు ఇక్కడి నుంచే కట్టేయొచ్చు. వీసా రాకపోతే కాంట్రాక్టు రద్దు చేసుకునే వీలు కూడా చాలాచోట్ల ఉంటుంది. షరతులు మాత్రం చదువుకోవాలి. ఇబ్బందల్లా ధర, తేదీలు. నలుగురు కలిసి ఉండే బయటి ఇంటి కంటే డార్మ్ సాధారణంగా ఖరీదు. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద, యూనివర్సిటీ పంపే ఐ-20 పత్రంలోని ప్రోగ్రామ్ ప్రారంభ తేదీకి 30 రోజుల ముందు నుంచి దేశంలోకి రానిస్తారు గానీ, గది తాళం మాత్రం మూవ్-ఇన్ రోజునే ఇస్తారు. డిసెంబరు సెలవుల్లో మూసేసే డార్మ్‌లు కూడా ఉన్నాయి. మంచాల మీద పరుపు చాలావరకు ట్విన్ ఎక్స్‌ఎల్ సైజు, మనింటి దుప్పట్లు సరిగ్గా సరిపోవు. అవి అక్కడే కొనుక్కోవడం నయం.

పద్దెనిమిదేళ్ల పిల్లకో పిల్లాడికో ఈ ఖర్చు దండగ అని నేననను. ఆ వయసులో ఇంటి ఓనరుతో, కరెంటు కంపెనీతో, వంట టర్న్‌లతో వేగుతూ మొదటి సెమిస్టర్ చదవడం కష్టం.

ఇక ఇండియా నుంచే లీజు. దీని ఆకర్షణ నాకు తెలుసు. గ్రూపులో "2బి2బి, నలుగురం అబ్బాయిలం, ఒక స్పాట్ ఖాళీ" అని మెసేజ్ వస్తుంది. 2బి2బి అంటే రెండు బెడ్‌రూములు, రెండు బాత్రూములు. ఒకడిది ఖమ్మం, ఇంకొకడిది నరసరావుపేట. వీడియో కాల్‌లో మాట్లాడుకుంటారు, నాన్‌వెజ్ వండితే అభ్యంతరమా అని అడుగుతారు, మంచివాళ్లనే అనిపిస్తుంది. "మనవాళ్లే కదండీ" అని ఇంట్లో ఊరట. టికెట్ కొనక ముందే సంతకం అయిపోతుంది.

ఆ మంచితనం మీద నాకు అనుమానం లేదు. లీజులో ఏం రాసి ఉందన్నదే నా దిగులు. నలుగురూ కలిసి ఒకే లీజు మీద సంతకం పెడితే, సాధారణంగా మొత్తం అద్దెకు ప్రతి ఒక్కరూ బాధ్యులే. మాటవరసకు అద్దె 1,600 డాలర్లనుకోండి, తలా 400. నలుగురిలో ఒకరికి వీసా రాలేదు. మిగిలిన ముగ్గురి మీద 533 చొప్పున పడుతుంది, కొత్త మనిషి దొరికేదాకా. ఇది ఊహించి చెబుతున్న భయం కాదు. 2025 మే చివర్లో అమెరికా విద్యార్థి వీసాలకు కొత్త అపాయింట్‌మెంట్లు ఇవ్వడం ఆపేసి, జూన్‌లో సోషల్ మీడియా తనిఖీతో మళ్లీ తెరిచింది. సరిగ్గా ఆగస్టు వాళ్లు స్లాట్ల కోసం ఎదురుచూసే రోజులవి. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ అయ్యాక కూడా, ఇంకా పరిశీలన మిగిలి ఉందని చెప్పే 221(జి) కాగితం చేతిలో పెట్టి ఆపితే ఎన్నాళ్లు పడుతుందో ఎవరూ చెప్పలేరు. లీజులో ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప, మీ వీసా కష్టం ఇంటి ఓనరుకు పట్టదు. కాబట్టి పాస్‌పోర్టు మీద వీసా పడకముందే లీజు మీద సంతకం వద్దే వద్దు, డిస్కౌంట్ ఎంత చూపించినా సరే.

విద్యార్థుల కోసమే కట్టిన కాంప్లెక్సుల్లో మంచానికో గదికో విడివిడిగా లీజు ఇస్తారు. పక్కవాడు కట్టకపోయినా మీకు సంబంధం ఉండదు. కొంచెం ఎక్కువైనా, ముఖం చూడని రూమ్మేట్లతో వెళ్లేటప్పుడు ఈ పద్ధతే క్షేమం. "లీజు ఇండివిడ్యువలా, జాయింటా?" అన్న ప్రశ్న నాన్‌వెజ్ ప్రశ్న కంటే ముందు అడగాలి.

ఇంకొన్ని అవాంతరాలు ఫొటోల్లో కనపడవు. అక్కడ మామూలు అపార్ట్‌మెంట్ అంటే ఫ్రిజ్, స్టవ్ ఉంటాయి. మంచం, పరుపు ఉండవు. కొన్నిచోట్ల హాల్‌లో సీలింగ్ లైటు కూడా ఉండదు, ల్యాంపు కొనుక్కోవాలి. టెక్సస్‌లో చాలా ప్రాంతాల్లో, హ్యూస్టన్‌లోనూ డాలస్ చుట్టుపక్కలా, కరెంటు కంపెనీని అద్దెకున్నవాళ్లే ఎంచుకోవాలి. క్రెడిట్ హిస్టరీ లేదని డిపాజిట్ అడుగుతారు. అదే డెంటన్‌లోనో కాలేజ్ స్టేషన్‌లోనో అయితే ఊరి సంస్థే కరెంటు ఇస్తుంది. పూచీదారు లేని విద్యార్థిని రెండు మూడు నెలల అద్దె ముందే కట్టమనో, అదనపు డిపాజిట్ పెట్టమనో అడగడం మామూలే. పైగా అద్దె పోర్టల్ అమెరికా బ్యాంకు ఖాతా అడుగుతుంది. మన ఫారెక్స్ కార్డుతో ప్రతిచోటా పని జరగదు.

మోసాల సంగతి వేరే. వేరొకరి ఇంటి ఫొటోలు ఎత్తుకొచ్చి ప్రకటన పెట్టి, "నేను ఊళ్లో లేను, డిపాజిట్ జెల్‌లో పంపితే తాళాలు పోస్టులో వేస్తాను" అంటారు. జెల్ అంటే మన యూపీఐలా ఖాతా నుంచి ఖాతాకు వెంటనే డబ్బు పంపే అమెరికా పద్ధతి. అందులో పంపిన డబ్బు వెనక్కి రావడం చాలా కష్టం. చాలా కౌంటీల్లో ఆస్తి రికార్డులు ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. టెక్సస్‌లో అయితే ఆస్తుల విలువ కట్టే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ సైటులో అడ్రసు కొడితే ఓనరు పేరు వస్తుంది. ఐదు నిమిషాల పని, మనవాళ్లు దాదాపు ఎవరూ చేయరు.

మూడో దారిలో సుఖం తక్కువ. సీనియర్ల ఇంట్లో హాల్‌లో పరుపేసుకుని పది పదిహేను రోజులు ఉండాలి. చాలా క్యాంపస్‌లలో ఇండియన్ స్టూడెంట్ అసోసియేషన్లు, తెలుగు గ్రూపులు ఎయిర్‌పోర్టు పికప్‌తో పాటు ఈ టెంపరరీ కూడా చూసిపెడతాయి. కొందరు ఉచితంగా ఉంచుకుంటారు, కొందరు రోజుకింత అని తీసుకుంటారు. తీసుకోవడంలో తప్పేం లేదు, ముందే మాట్లాడుకోండి. అయితే అతిథి ఇన్ని రోజులకు మించి ఉండకూడదని లీజుల్లో రాసి ఉంటుంది. రెండు బెడ్‌రూముల ఇంట్లో ఎనిమిది మందిని దింపితే నోటీసు వచ్చేది ఆ సీనియర్‌కే. వీలైతే సబ్‌లీజు మేలు. వేసవిలో ఇంటర్న్‌షిప్‌కు వేరే ఊరు వెళ్లినవాళ్ల గదులు ఆగస్టు దాకా దొరుకుతాయి. ఓనరు అనుమతి కాగితం మీద ఉందా అని అడగండి.

ఈ దారిలో పోయేవాళ్లు 30 రోజుల వెసులుబాటును వాడుకోవాలి. క్లాసులకు రెండు మూడు వారాల ముందు దిగితే ఇల్లు వెతకడానికి తీరిక దొరుకుతుంది. కాలేజీ ఊళ్లలో చాలా కాంప్లెక్సుల్లో పాత లీజులు జులై చివరికి అయిపోయి, రంగులూ శుభ్రాలూ అయ్యాక కొత్తవి ఆగస్టు మధ్యలో మొదలవుతాయి కాబట్టి, లీజు చేసినవాళ్లు కూడా ఎలాగూ కొన్ని రోజులు టెంపరరీ వెతుక్కోవాల్సిందే. దిగిన వారంలో మీకు తెలిసేవి గూగుల్ మ్యాప్స్‌లో తెలియవు: క్యాంపస్ షటిల్ ఆ వీధి దాకా వస్తుందా, రాత్రి పదికి లైబ్రరీ నుంచి ఎలా వస్తారు, నడిచి వెళ్లే దూరంలో కూరగాయలు దొరుకుతాయా. ఫీనిక్స్ పక్కనే ఉన్న టెంపీలో ఆగస్టులో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అక్కడ "క్యాంపస్‌కు 20 నిమిషాల నడక" అంటే ఏమిటో నడిచి చూస్తే గానీ అర్థం కాదు.

టెంపరరీలో అడ్రసుతో కాస్త జాగ్రత్త. ఇమిగ్రేషన్‌లో ఎక్కడ ఉంటారని అడిగితే చెప్పడానికి ఆ ఇంటి పూర్తి అడ్రసు ఐ-20, ఫీజు కాగితాలతో పాటు చేతిసంచిలో ఉండాలి. ఇల్లు మారాక 10 రోజుల్లో కొత్త అడ్రసు యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకు చెప్పాలి, అది వీసా నిబంధన. బ్యాంకు డెబిట్ కార్డు పోస్టులో వస్తుంది. మీరు ఖాళీ చేశాక పాత ఇంటికి చేరితే మళ్లీ తెప్పించుకోవడం తలనొప్పి.

బోస్టన్‌లో ఈ లెక్కంతా తిరగబడుతుంది. అక్కడ విద్యార్థుల ఇళ్లలో చాలావాటి లీజు సెప్టెంబరు 1నే మొదలవుతుంది. ఆ ఒక్క రోజున ఊరంతా ట్రక్కులు, ఫుట్‌పాత్‌ల మీద పరుపులు. మంచి ఇళ్లు వసంతంలోనే అయిపోతాయి. కాబట్టి ఆగస్టులో దిగి చూసుకుంటానంటే మిగిలేది దూరమో, ఖరీదో. మసాచుసెట్స్ చట్టం ప్రకారం ఓనరు ముందుగా మొదటి నెల, చివరి నెల అద్దె, ఒక నెల మించకుండా డిపాజిట్, తాళం మార్చే ఖర్చు మాత్రమే తీసుకోవచ్చు. అంటే మూడు నెలల అద్దె సిద్ధంగా ఉండాలి. బ్రోకర్ ఫీజు 2025 ఆగస్టు 1 నుంచి బ్రోకర్‌ను పెట్టుకున్నవాళ్లే కట్టాలి. ఓనరు పెట్టుకున్న బ్రోకర్‌కు మీరు కట్టక్కర్లేదు. అక్కడికి వెళ్లేవాళ్లు వీసా పడగానే లీజు చేయక తప్పదు. ఆ ఊళ్లో ఉన్న సీనియర్‌ను ఒక్కసారి ఇల్లు చూసి, వీడియో తీసి పంపమనండి.

సూట్‌కేసుల మాట మర్చిపోలేదు. ఇల్లు తేలితే అదీ తేలుతుంది. ఎకానమీలో చాలా ఎయిర్‌లైన్లు ఇచ్చేది 23 కిలోల బ్యాగులు రెండు. డార్మ్‌కు వెళ్లేవాళ్లకు కుక్కర్ బరువు దండగ. అపార్ట్‌మెంట్‌కు వెళ్లేవాళ్లు తీసుకెళ్లొచ్చు గానీ మిక్సీ వద్దు. అక్కడి కరెంటు 120 వోల్టులు, మన 230 వోల్టుల మోటారు దాని మీద సరిగ్గా తిరగదు. 110 వోల్టుల ఇండియన్ మిక్సీలు అక్కడే అమ్ముతారు. కరివేపాకు, బియ్యం పెట్టొద్దు, కస్టమ్స్‌లో తీసేస్తారు. మిగతా తినే వస్తువులు ఏవున్నా డిక్లేర్ చేయండి. టెంపరరీకి వెళ్లేవాళ్లు ఒక దుప్పటి, తువ్వాలు క్యాబిన్ బ్యాగులోనే పెట్టుకోండి.

జనవరిలో చేరేవాళ్లకు నేను చెప్పే జవాబు వేరు. డిసెంబరులో చదువు ముగించినవాళ్లు, ఉద్యోగానికి వేరే రాష్ట్రం వెళ్లేవాళ్లు లీజు మధ్యలో వదిలేసి పోతారు. వాళ్ల మిగిలిన ఆరేడు నెలలు తీసుకోవడం, అంటే లీజ్ టేకోవర్, పై మూడు దారుల కంటే సాధారణంగా చవక. చాలాసార్లు మంచం, టేబుల్ కూడా అక్కడే వదిలేస్తారు. పాత మనిషి పేరు తీసి మీ పేరు చేర్చినట్టు లీజింగ్ ఆఫీసు కాగితం ఇచ్చాకే డబ్బు పంపండి. తాళం తీసుకున్న రోజే కార్పెట్ మీది మరకలు, గోడల కన్నాలు ఫోనులో తీసి ఆఫీసుకు మెయిల్ చేయండి. లేకపోతే ముందున్నవాళ్లు చేసిన పాడుకు కోత పడేది మీ డిపాజిట్‌లోంచే.